ఫోర్ట్‌వర్త్ కౌబాయ్ ఊరా, విమానాల ఊరా? జనవరిలో ఒకటిన్నర రోజు సరిపోతుందా?

పల్నాటి గిత్త (ప్రశ్న):

జనవరి ఆఖర్లో ఒక శుక్రవారం మధ్యాహ్నం నుంచి శనివారం రాత్రి దాకా టెక్సస్‌లో డాలస్ పక్కనున్న ఫోర్ట్‌వర్త్. ఫ్రిస్కో నుంచి కారులోనే. వచ్చేది ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్ళిద్దరు. మామయ్యగారు బండలాగుడు పందేలంటే ఎంత దూరమైనా వెళ్ళే మనిషి. అత్తయ్యగారు శాకాహారి, ఎక్కువ నడవలేరు. డాలస్ చూపిస్తే "మన హైటెక్ సిటీ లాగే ఉంది కదయ్యా" అని ఒక్క ముక్కలో తేల్చేశారు.

తెలిసినవాళ్ళు చెప్పాల్సినవి ఇవి. స్టాక్‌యార్డ్స్‌లో (పాత పశువుల సంత పేట) రోజూ పశువుల్ని తోలడం టూరిస్టుల కోసం కట్టిన వేషమా, అసలు సంగతి ఏమైనా ఉందా? రోడియోలో (దూకే ఎద్దుల, గుర్రాల మీద స్వారీ, పగ్గం పోటీలు) ఎవరు గెలిచారో పక్కన కూర్చుని పెద్దాయనకి ఎలా చెప్పాలి? ఆ పాత పశువుల వ్యాపారానికీ ఇవాళ ఊళ్ళో ఉన్న ఉద్యోగాలకీ ఏమైనా లంకె ఉందా? ఇక తిండి. గొడ్డుమాంసం ఎవరూ తినరు.

ట్రినిటీ గట్టు:

మంద మాత్రం వేషమే అనుకోండి. ఊరికి 150 ఏళ్ళు నిండాయని 1999లో మొదలుపెట్టారు. కానీ ఆ మంద నడిచే ఈస్ట్ ఎక్స్ఛేంజ్ అవెన్యూ, పక్కనున్న దొడ్లు, లైవ్‌స్టాక్ ఎక్స్ఛేంజ్ భవనం, 1908 నాటి కౌటౌన్ కొలీజియం, ఇవన్నీ నిఖార్సైనవి. ఒకప్పుడు ఇక్కడ పశువుల బేరాలు జరిగాయి, డబ్బు చేతులు మారింది.

తోలేది రోజుకి రెండుసార్లు, ఉదయం 11:30కి, సాయంత్రం 4కి. టికెట్ లేదు. వాన, ఉరుములు, రోడ్డు మీద మంచు ఉంటే రద్దు చేస్తారు, జనవరిలో అది మామూలే, ఆ ఉదయమే చూసుకుని బయల్దేరండి. మొత్తం తంతు కొన్ని నిమిషాల్లో అయిపోతుంది. 4 గంటలది చూద్దామని 3:55కి పార్కింగ్ వెతికేవాళ్ళకి తోకలు కూడా కనబడవు. 3:15కల్లా చేరండి. పెద్దవాళ్ళని లైవ్‌స్టాక్ ఎక్స్ఛేంజ్ భవనం ముందు పచ్చిక దగ్గర నిలబెడితే మంద ఎదురుగానే వెళ్తుంది. రోడ్డు అంచున కాలిబాట దిగొద్దు. కొమ్ములు ఈ కొస నుంచి ఆ కొసకి ఆరడుగులు దాటతాయి, పశువు తల ఇటు తిప్పితే కొమ్ము కొస మీరనుకున్నదానికంటే మూడడుగులు ముందే వచ్చేస్తుంది. ఆ వారంలోనే స్టాక్ షో (ఏటా జరిగే పశువుల ప్రదర్శన, రోడియో) కూడా ఉంటుంది కాబట్టి రద్దీ రెట్టింపు.

అసలు కథ పశువుల కంటే ముందుది. 1849 జూన్ 6న మేజర్ రిప్లీ ఆర్నాల్డ్ ట్రినిటీ నది రెండు పాయలు కలిసేచోట గట్టు మీద సైనిక ఠాణా పెట్టాడు. పేరు జనరల్ వర్త్‌ది. పాపం ఆయన దీన్ని చూడనేలేదు, అంతకు నెల ముందే కలరాతో పోయాడు. నాలుగేళ్ళకే, 1853లో, సైన్యం మూటాముల్లె సర్దుకుంది, ఖాళీ బారకాసుల్లో జనం దిగారు. అంటే కోట ఊరనే పేరే గానీ, కోట ఉన్నది నాలుగేళ్ళు. ఊరిని బతికించింది దారి.

1867 నుంచి దక్షిణ టెక్సస్ మందలు చిషోమ్ ట్రెయిల్ పట్టుకుని కాన్సాస్ రైలు స్టేషన్లకి నడిచాయి. ఇక్కడ నాలుగు డాలర్లు పలికే కోడె ఉత్తరాదిలో నలభై పలికేది, అదీ లెక్క. రెండు మూడు వేల తలల మందకి డజను మంది మనుషులు, రోజుకి పది పదిహేను మైళ్ళు. అంతకంటే తొందరపెడితే పశువు ఒళ్ళు తగ్గి ధర పడిపోతుంది. రెడ్ రివర్ దాటితే ఇండియన్ టెరిటరీ (అమెరికా ఆదివాసుల ప్రాంతం, ఇప్పటి ఒక్లహోమా). అది దాటేలోపు పిండి, బీన్స్, కాఫీ గింజలు కొనుక్కోవడానికి చివరి పెద్ద ఊరు ఇదే. పోయేటప్పుడు సరుకులకి ఖర్చు, వచ్చేటప్పుడు జీతం చేతిలో పెట్టుకుని తాగుడికి ఖర్చు. ఆ తాగుడు పేటకి 'నరకపు అరెకరం' అని పేరు. ఇవాళ అక్కడ కన్వెన్షన్ సెంటరు, వాటర్ గార్డెన్స్ ఉన్నాయి.

వాటర్ గార్డెన్స్ గురించి ఒక మాట. 38 అడుగుల లోతుకి మెట్లు దిగే కొలను ఒకటుంది, ఫొటోలకి అందరూ అక్కడికే. 2004లో నలుగురు అందులో మునిగి చనిపోయారు. తర్వాత నీటి లోతు బాగా తగ్గించారు. అయినా మెట్లకి పిట్టగోడ లేదు, తడిస్తే జారుడే. అత్తయ్యగారిని పైనుంచే చూడమనండి.

మూపురం:

రోడియో సంగతి నేను చెప్తాను. మామయ్యగారికి ముందుగా చెప్పాల్సిన ముక్క ఒకటుంది: ఆ బరిలో దూకే ఎద్దుల్లో చాలావాటికి ఒంగోలు నెత్తురు కాస్తో కూస్తో ఉంటుంది.

అమెరికన్ బ్రాహ్మన్ అనే జాతిని ఇక్కడివాళ్ళు మన దేశపు పశువులతోనే తయారుచేశారు. గిర్, గుజరాత్ (మన కాంక్రెజ్), నెల్లూరు (అంటే ఒంగోలే), కృష్ణా వ్యాలీ. కొన్ని నేరుగా, కొన్ని బ్రెజిల్ చుట్టుతిరిగి వచ్చాయి. ఎందుకు తెచ్చారంటే టెక్సస్ ఎండకీ, పిడుదులకీ తట్టుకునేవి కావాలి. చిషోమ్ దారి మూతపడటానికి ఉన్న కారణాల్లో పిడుదు కూడా ఒకటి. లాంగ్‌హార్న్‌కి (టెక్సస్ పొడుగు కొమ్ముల పశువుకి) ఏమీ కాదు గానీ దాని ఒంటి మీది పిడుదుల వల్ల కాన్సాస్ పశువులు చచ్చేవి. అక్కడివాళ్ళు క్వారంటీన్ గీతలు గీసి టెక్సస్ మందల్ని రానివ్వలేదు. ముళ్ళకంచెలు, రైళ్ళు మిగతా పని కానిచ్చాయి. బుల్ రైడింగ్‌లో గేటు తెరవగానే మూపురం, వేలాడే గంగడోలు, వాలిన చెవులు చూడమనండి, ఆయనకే తెలిసిపోతుంది. కౌబాయ్‌ల నోట్లో ఆ మాట 'బ్రేమర్' అయిపోయింది.

టికెట్లు: స్టాక్ షో 1896 నుంచి జరుగుతోంది. జనవరి మధ్య నుంచి ఫిబ్రవరి మొదటి వారం దాకా 23 రోజులు. రోడియో 2020 నుంచి డికీస్ అరీనాలో. ఆ టికెట్ ఉంటే ఆ రోజు పక్కనున్న విల్ రోజర్స్ ఆవరణలో పశువుల కొట్టాలన్నీ తిరగొచ్చు, వేరే టికెట్ అక్కర్లేదు. మామయ్యగారికి రోడియో కంటే కొట్టాలే నచ్చుతాయని నా పందెం. పిల్లలు తాము పెంచిన కోడెల్ని డ్రయ్యర్లు పెట్టి దువ్వుతూ ఉంటారు. శనివారం సాయంత్రం ఆటకి టికెట్లు ముందే అయిపోతాయి, శుక్రవారానిది కొనండి. దొరక్కపోతే స్టాక్‌యార్డ్స్ కొలీజియంలో శుక్ర, శని రాత్రుళ్ళు చిన్న రోడియో ఉంటుంది. లోపలి బరిలో రోడియో 1918లో తొలిసారి జరిగింది ఆ కట్టడంలోనే.

గెలుపు లెక్కలు రెండు రకాలు. మార్కుల ఆటలు, గడియారం ఆటలు.

మార్కులవి: బేర్‌బ్యాక్ (జీను లేని గుర్రం), శాడిల్ బ్రాంక్ (జీనుతో), బుల్ రైడింగ్. ఎనిమిది సెకన్లు నిలబడాలి, ఒక్క చెయ్యే వాడాలి. రెండో చెయ్యి పశువుకి గానీ తనకి గానీ తగిలిందా, సున్నా. ఇద్దరు జడ్జీలు, ఒక్కొక్కరు మనిషికి 25, పశువుకి 25 వేస్తారు, మొత్తం 100. మెతక ఎద్దు దొరికితే ఎనిమిది సెకన్లు కూర్చున్నా మార్కులు రావు, సగం మార్కులు దానివే మరి. గుర్రాల మీద ఇంకో మెలిక: మొదటి దూకుడులో గుర్రం ముందుకాళ్ళు నేలని తాకేసరికి రౌతు మడమలు దాని భుజాల పైన ఉండాలి. లేకపోతే ఎనిమిది సెకన్లూ పూర్తిచేసినా లెక్కలోకి రాదు. పక్కవాళ్ళు చప్పట్లు కొడుతుంటే స్కోరు ఎందుకు పడలేదా అని తల గోక్కునేది ఇక్కడే.

ఎద్దుకి కట్టిన మోకు కింద ఒక గంట వేలాడుతుంటుంది. అది అలంకారం కాదు, బరువు. మనిషి పట్టు వదలగానే ఆ బరువుకి మోకు జారి కింద పడాలి. ప్రమాదం వచ్చేది మనిషి తన చెయ్యి ఉన్న వైపు కాకుండా అవతలి వైపు పడినప్పుడు. మోకు మెలితిరిగి చెయ్యి ఇరుక్కుపోతుంది, ఎద్దు ఈడ్చుకుపోతుంది. రంగుబట్టల్లో ఉన్న ఇద్దరు ముగ్గురు అప్పుడు ఎద్దు ముఖానికి అడ్డంపడతారు. వాళ్ళని జోకర్లనుకోవద్దు, ప్రాణాలు కాపాడేది వాళ్ళే. వెనక డొక్కకి కట్టే పట్టీ వృషణాలకి కడతారని మనవాళ్ళలో ఒక పుకారు ఉంది. కాదు, తొడల ముందు నడుము చుట్టూ కడతారు. అది చిరాకు పెట్టేదే, కాదనను. బండలాగుడులో ములుగర్ర మీద ఎంత వాదన ఉందో ఇక్కడా అంతే ఉంది.

గడియారం ఆటలు తేలిక. దూడకి పగ్గం విసిరి మూడు కాళ్ళు కట్టాలి, పగ్గం వదులుచేశాక ఆరు సెకన్లు ఆ కట్టు నిలవాలి. ఇద్దరు కలిసి కోడెని పట్టే టీమ్ రోపింగ్‌లో ఒకరు కొమ్ములకి, ఇంకొకరు వెనక కాళ్ళకి వేస్తారు. ఒక్క కాలే దొరికితే ఐదు సెకన్లు జరిమానా. పశువుకి ఇవ్వాల్సిన ముందంజ ఇవ్వకుండా గుర్రం ముందున్న అడ్డుతాడు తెంచుకుని దూసుకొస్తే పది. ఆడవాళ్ళ బ్యారెల్ రేసులో మూడు పీపాల చుట్టూ గుర్రం తిప్పాలి, పీపా పడితే ఐదు.

పల్నాటి గిత్త:

మూపురం గారూ, ఒంగోలు సంగతి చెప్పగానే మామయ్యగారు లేచి కూర్చున్నారు. శుక్రవారం టికెట్ తీసేశాం. మరి ఉద్యోగాల లంకె గురించి?

ఇంటర్‌మోడల్:

లంకె ఉంది, కానీ "కౌబాయ్‌లు విమానాలు చేశారు" అన్నంత తిన్నగా లేదు.

రైలు 1876 జూలై 19న వచ్చింది. గడువులోపు రాకపోతే ప్రభుత్వం ఇచ్చే భూములు పోతాయని ఊరివాళ్ళే పట్టాలు వేయడానికి పారలు పట్టారు. అంతకు ముందు ఏడాది డాలస్ పత్రికలో "అక్కడ వీధిలో చిరుత పడుకుని నిద్రపోయింది, లేపేవాడు లేడు" అని ఎగతాళి రాశారు. ఊరు అలగలేదు, చిరుతనే తన గుర్తు చేసుకుంది. పోలీసుల బ్యాడ్జి మీద ఇప్పటికీ కూర్చుని ఉంటుంది. (మన చుక్కల చిరుత కాదు, ప్యూమా.)

రైలు వచ్చాక కూడా పశువులు బతికుండగానే ఉత్తరాదికి పోయేవి, దారిలో బరువు తగ్గేవి. ఇక్కడే కోసి ఐసు పెట్టెల్లో పంపితే లాభమని స్విఫ్ట్, ఆర్మర్ కంపెనీలు 1902-03లో ప్లాంట్లు పెట్టాయి. మొదటి ప్రపంచ యుద్ధానికి గుర్రాలు, కంచరగాడిదలు ఇక్కడి నుంచే వెళ్ళాయి. మీరు చూడబోయే మ్యూల్ ఆలీ ఆ కొట్టాలే. 1911లో తగలబడితే మళ్ళీ కాంక్రీటుతో కట్టారు, ఇప్పుడు హోటళ్ళు, షాపులు. 1944లో ఏడాదికి 50 లక్షల తలలు దాటాయి. ఆ తర్వాత పతనమే. లారీలు వచ్చాయి, రాంచ్‌ల (పశువులు పెంచే పొలాల) పక్కనే చిన్న సంతలు వెలిశాయి, పశువుని ఊరిదాకా తేవాల్సిన పని పోయింది. ఆర్మర్ 1962లో, స్విఫ్ట్ 1971లో మూసేశాయి.

ఊరు దానితో పాటు పోలేదు, ఎందుకంటే 1942లోనే పడమటి వైపు లేక్ వర్త్ ఒడ్డున మైలు పొడవు షెడ్డులో బి-24 బాంబర్లు చెయ్యడం మొదలైంది. సముద్ర తీరానికి దూరం, చదును నేల, ఏడాదిలో ఎక్కువ రోజులు ఎగరడానికి అనువైన ఆకాశం. పశువులకి పనికొచ్చిన మైదానమే విమానాలకీ పనికొచ్చింది. అదే షెడ్డులో తర్వాత బి-36, బి-58, ఎఫ్-111, ఎఫ్-16, ఇప్పుడు లాక్‌హీడ్ మార్టిన్ ఎఫ్-35. హెలికాప్టర్ల బెల్ 1951లో వచ్చింది. బీఎన్‌ఎస్‌ఎఫ్ రైల్వే, అమెరికన్ ఎయిర్‌లైన్స్ ప్రధాన కార్యాలయాలు ఊరి హద్దుల్లోనే. ఉత్తరాన అలయన్స్ విమానాశ్రయం 1989లో సరుకు కోసమే కట్టారు, పక్కనే కంటెయినర్ల రైలు యార్డు. ట్రెయిల్ మీద కోడెలు పోయాయి, ఇప్పుడు పెట్టెలు పోతున్నాయి. పని అదే: ఒకచోటి సరుకు ఇంకోచోటికి దాటించి మధ్యలో కూలి తీసుకోవడం.

నాకు ఎక్కువ నచ్చే లంకె టాండీది. 1919లో చెప్పులు కుట్టేవాళ్ళకి తోలు అమ్మే కొట్టు. ఆ కంపెనీయే 1963లో ఎలక్ట్రానిక్స్ షాపుల రేడియోషాక్‌ని కొన్నది, 1977లో టీఆర్‌ఎస్-80 కంప్యూటర్ అమ్మింది. తోలు ముక్క నుంచి కంప్యూటర్‌కి 58 ఏళ్ళు.

ఇక్కడ ఉద్యోగం వెతికే మనవాళ్ళకి: యుద్ధవిమానాల వైపు హెచ్‌1బీతో దాదాపు దారి లేదు. ఎగుమతి నియంత్రణ చట్టాల వల్ల పౌరులకో గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళకో ఇస్తారు, క్లియరెన్స్ (రక్షణ రహస్యాలు చూసే అనుమతి) కావాల్సినవాటికి పౌరసత్వం తప్పదు. "స్పాన్సర్ చేస్తారేమో" అని నెలలు పారేసుకోకండి. ఎయిర్‌లైన్, రైల్వే, లాజిస్టిక్స్, కంటి మందుల ఆల్కాన్, ఇవి చూడండి.

పెద్దవాళ్ళకి చూపించడానికి ఒక చిన్న సరదా. పర్సులోంచి ఒక డాలరు నోటు తియ్యండి. ముందువైపు కింద కుడిమూల చిన్న అంకె ఉంటుంది, దాని ముందు భూతద్దం పెడితే తప్ప కనపడని 'ఎఫ్‌డబ్ల్యూ' అక్షరాలు ఉంటే ఆ నోటు ఫోర్ట్‌వర్త్‌లో అచ్చయ్యింది. లేకపోతే వాషింగ్టన్‌ది. దేశం మొత్తంలో నోట్లు అచ్చేసేది ఆ రెండు చోట్లే, ఇక్కడ 1991 నుంచి.

ఊదా బల్లి:

ఆటలంటే రోడియో ఒక్కటే అనుకోకండి. పది లక్షలు దాటిన ఈ ఊరికి సొంతంగా పెద్ద లీగు జట్టు ఒక్కటీ లేదు, కౌబాయ్స్ (ఫుట్‌బాల్), రేంజర్స్ (బేస్‌బాల్) ఇద్దరూ పక్కన ఆర్లింగ్టన్‌లో ఆడతారు. ఊరి ప్రాణమంతా టీసీయూ (టెక్సస్ క్రిస్టియన్ యూనివర్సిటీ) జట్ల మీదే. కళ్ళలోంచి నెత్తురు చిమ్మే కొమ్ముబల్లి వాళ్ళ గుర్తు. 2022 డిసెంబర్ 31న ఫుట్‌బాల్‌లో మిషిగన్‌ని 51-45తో కొట్టి జాతీయ ఫైనల్‌కి వెళ్ళి, జార్జియా చేతిలో 65-7తో చిత్తయ్యారు. అయినా ఊదా చొక్కాలు తగ్గలేదు. జనవరిలో ఫుట్‌బాల్ ఉండదు, బాస్కెట్‌బాల్ ఉంటుంది.

క్రికెట్ మాట వస్తే, గ్రాండ్ ప్రెయిరీ స్టేడియం డాలస్‌కీ దీనికీ మధ్యలోనే. అమెరికా పాకిస్తాన్‌ని సూపర్ ఓవర్‌లో ఓడించింది అక్కడే, 2024 జూన్ 6న. అదే రోజు ఫోర్ట్‌వర్త్‌కి 175 ఏళ్ళు నిండాయి. ఆ రోజు మనవాళ్ళలో ఎవరికీ గుర్తులేదనుకోండి.

పప్పుచారు:

తిండి విషయం క్లుప్తంగా. 'చికెన్ ఫ్రైడ్ స్టీక్'లో కోడి ఉండదు, చికెన్ వేపినట్టు పిండిలో దొర్లించి వేపిన గొడ్డుమాంసం అది. పేరు చూసి ఆర్డర్ చేసి మోసపోయేవాళ్ళలో మనవాళ్ళే ఎక్కువ. 'కాఫ్ ఫ్రైస్' అంటే ఆలుగడ్డ ముక్కలు కావు, కోడెల వృషణాలు. మెక్సికన్ హోటళ్ళు శాకాహారికి నయం, కానీ బీన్స్‌లో పంది కొవ్వు, అన్నంలో చికెన్ రసం కలపడం మామూలు. "మాంసం ఉందా" అని అడిగితే "లేదు" అంటారు, అబద్ధం కాదు, వాళ్ళ లెక్కలో కొవ్వు మాంసం కాదు. "లార్డ్ (పంది కొవ్వు) ఉందా, బ్రాత్ (మాంసం రసం) ఉందా" అని విడిగా అడగండి. చీజ్ ఎంచిలాడా (చీజ్ చుట్టిన మొక్కజొన్న రొట్టె) మీద పోసే ఎర్ర సాస్ కూడా చాలాచోట్ల గొడ్డుమాంసంతో చేసిన చిల్లీ గ్రేవీయే, అదీ అడగండి. అత్తయ్యగారికి పులిహోర కట్టుకెళ్ళండి, గొడవ ఉండదు.

ట్రినిటీ గట్టు:

శనివారం పొద్దున్నే మ్యూజియంలు పెట్టుకోండి, స్టాక్ షో ఆవరణ పక్కనే. సోమవారం తప్ప తెరిచి ఉంటాయి. కింబెల్, ఏమన్ కార్టర్ అనే రెండు ఆర్ట్ మ్యూజియంలలోనూ శాశ్వత సేకరణకి టికెట్ లేదు, కుర్చీబండి కూడా సులువుగా తిరుగుతుంది. 1972లో కింబెల్ కట్టిన లూయీ కాన్, మన అహ్మదాబాద్ ఐఐఎం కట్టినాయనే. ఒక్కోటి వంద అడుగుల పొడవున్న కమాను కప్పులు, ప్రతి కప్పు నడినెత్తిన సన్నటి చీలిక, దాని కింద చిల్లుల అల్యూమినియం రెక్కలు. టెక్సస్ ఎండ ఆ రెక్కలకి తగిలి కాంక్రీటు మీద వెండిలా పరుచుకుంటుంది. మబ్బు పట్టిన రోజున ఆ తేడా తెలియదు, ఎండ ఉన్నప్పుడే వెళ్ళండి. మథుర ఎర్రరాతి బుద్ధుడు వాళ్ళ సేకరణలో ఉన్నాడు, ప్రదర్శనలో ఉన్నాడేమో ముందే చూసుకోండి.

మూపురం గారు చెప్పనిది ఒకటి. రోడియో, లారియట్ (విసిరే పగ్గం), రాంచ్, ఈ మాటలన్నీ స్పానిష్‌వి. ఆ పని ముందు నేర్చింది మెక్సికన్ వకేరోలు (పశువుల కాపరులు). ట్రెయిల్ మీద నడిచినవాళ్ళలో నల్లవాళ్ళు చాలామందే. కోడె కొమ్ములు పట్టి మెడ తిప్పి పడేసే ఆటకి ఆద్యుడు బిల్ పికెట్ అనే నల్లాయన, ఆయన విగ్రహం స్టాక్‌యార్డ్స్‌లోనే ఉంది. కమాంచీల నాయకుడు క్వానా పార్కర్ విగ్రహం కూడా. ఫొటో తీసుకునే ముందు ఆ రెండు పేర్లూ మామయ్యగారికి చెప్పండి.

పల్నాటి గిత్త:

అందరికీ ధన్యవాదాలండీ. చివరిది: మామయ్యగారు టోపీ కావాలంటున్నారు. ఏం చూసి కొనాలి?

మూపురం:

జనవరి కాబట్టి ఉన్ని (ఫెల్ట్) టోపీ. గడ్డి టోపీ ఎండాకాలానిది, ఇప్పుడు పెట్టుకుంటే అక్కడివాళ్ళు ఏమనరు గానీ ఒక చూపు చూస్తారు. టేపు నుదుటి మధ్య నుంచి చెవులకి పైగా చుట్టి కొలవండి, 58 సెంటీమీటర్లు వస్తే సైజు 7¼. గట్టిగా తల ఊపినా కదలకూడదు, నుదుటి మీద ఎర్ర గీత పడకూడదు. మంచి షాపులో ఆవిరి పట్టి అంచు ఆయన ముఖానికి తగ్గట్టు వంచి ఇస్తారు, అడగండి. పట్టుకునేది అంచుతో, పైభాగం నొక్కి పట్టుకుంటే మడత విరుగుతుంది. బల్లమీద పెట్టేటప్పుడు బోర్లించకూడదు, వెల్లకిలా పెట్టాలి. ఎండలో కారులో వదిలేస్తే లోపలి తోలు పట్టీ ముడుచుకుపోయి, ఇండియా వెళ్ళేసరికి ఆయన తలకి పట్టదు.